చెరకు కోతకు ముందు, కోత తర్వాత

అనకాపల్లి వైపు పల్లెల్లో పంట రుణాలు ఇస్తూ ఉద్యోగం ముగించాను. బ్యాంకుల్లో కొత్తగా చేరిన పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. రైతు అప్పు చేశాడనగానే ఏ నెలలో చేశాడో అడగండి. చెరకు డబ్బు ఏడాదికోసారి వస్తుంది. కోతకు ముందు బడి ఫీజులు, కూలీలు, ఎరువుల కొట్టు బాకీ అన్నీ మీద పడి ఉంటాయి. అప్పుడు ఐదు రూపాయల వడ్డీకైనా తలూపుతాడు. బెల్లం వండి మార్కెట్‌కు తోలాక అదే మనిషి కాగితంలో ప్రతి షరతూ చదివించుకుంటాడు. తమిళనాడు చెరకు రైతులు 464 మంది మీద జరిపిన అధ్యయనం 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కోతకు ముందూ తర్వాతా అదే మనిషికి ఆలోచనా పరీక్షలు పెడితే, ముందు వెనకబడ్డాడు, తర్వాత మెరుగ్గా చేశాడు. తిండిలో తేడా, పని అలసట దీనికి కారణాలు కావని పరిశోధకులు తేల్చారు. డబ్బు దిగులే బుర్రను ఆక్రమించిందన్నారు. అందుకే అలాంటి రైతును తెలివితక్కువవాడంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

2. వడ్డీని ఒకే కొలతలో చెప్పండి. ఊళ్లో నూటికి నెలకు లెక్కగట్టి ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు, మనం ఏడాదికి లెక్కగట్టి ‘ఏడు శాతం’ అంటాం. వినడానికి రెండే చిన్నది. లక్షకు ఏడాదికి అక్కడ 24 వేలు, ఇక్కడ 7 వేలు అని చెప్పి చూడండి, ముఖం మారుతుంది. చదువు లేక ఇలా జరుగుతుందనుకోకండి. 1982లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆపరేషన్ గురించి బతికేవారి శాతం చెప్పినప్పుడు ఒకలా, అవే లెక్కల్ని చనిపోయేవారి శాతంగా చెప్పినప్పుడు ఇంకోలా మొగ్గారు డాక్టర్లు.

3. పక్కన ఎవరున్నారో గమనించండి. పొదుపు సంఘంలో గట్టిగా మాట్లాడే ఆవిడే, ఇంటి అరుగు మీద భర్త ఎదుట అడిగితే “ఆయన్నడగండి” అంటుంది.

4. బీమా, పొదుపు, వచ్చే పంట పెట్టుబడి మాటలు పంట డబ్బు చేతికొచ్చిన వారంలోనే ఎత్తండి. పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న రైతులకు, కోత అవగానే ఎరువు కొంటే ఇంటికి ఉచితంగా చేరుస్తామని చెబితే వాడేవారు బాగా పెరిగారు. ఎరువు ధర తగ్గించలేదు, అడిగే రోజును ముందుకు జరిపారు. మన బ్రాంచిలో ఈ పని చేయడానికి పైవాళ్ల ఉత్తర్వు అక్కర్లేదు. ఏ ఊళ్లో కోత ఎప్పుడో రాసిపెట్టుకుని, ఆ వారం బయల్దేరితే చాలు.