జబ్బకు సూది, ముక్కుకు కాపలా

ఫ్లూ సూది వేయించుకున్నా రొంప పట్టిందని మన విశాఖలో గాజువాకలోనో, పాతనగరంలోనో ఏటా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. టీకా దండగని తేల్చేస్తారు కూడా. చాలాసార్లు అది పనిచేసే ఉంటుంది. కాకపోతే పనిచేసిన చోటు వేరు. అదెక్కడో తెలియాలంటే సూది గుచ్చిన దగ్గర్నుంచి వరసగా చూసుకురావాలి.

మామూలుగా వేసేది అర మిల్లీలీటరు మందు. అందులో ఒక్కో రకం వైరస్ పైపొర ప్రొటీను 15 మైక్రోగ్రాములు ఉంటుంది. ఎక్కువగా కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి, చంపి, ముక్కలు చేసి దీన్ని తీస్తారు. అందుకే సూదివల్ల ఫ్లూ రాదు. జబ్బ కండలోకి దిగిన ఈ ముక్కలను డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక కణాలు పట్టుకుని చంకలోని లింఫ్ గ్రంథులకు చేరవేస్తాయి. కొందరికి ఆ వైపు చంకలో బిళ్ల కట్టేది ఇందుకే. అక్కడ టి కణాల సాయంతో బి కణాలు పెరుగుతాయి. వైరస్‌ను గట్టిగా పట్టుకోగలిగినవి నిలుస్తాయి, మిగతావి రాలిపోతాయి. వారాల తరబడి సాగే వడపోత ఇది. నెగ్గినవాటిలో కొన్ని ఎముక మూలగలో చేరి ఐజీజీ యాంటీబాడీలు తయారుచేస్తాయి. మరికొన్ని జ్ఞాపక కణాలుగా రక్తంలో తిరుగుతాయి. సుమారు రెండు వారాలకు రక్షణ అందుతుంది.

ఇక ముక్కు సంగతి. రక్తంలోని ఐజీజీ ఊపిరితిత్తుల అడుగున ఉండే పలచని గాలి గదుల్లోకి బాగానే ఊరుతుంది. ముక్కు లోపలి జిగురుపొరలోకి అంతగా రాదు. అక్కడి కాపలా ఐజీఏ అనే మరో యాంటీబాడీది. ఆ పొర కిందే ఉండే కణాలు దాన్ని జంటలుగా చేసి చీమిడిలోకి పంపుతాయి. వైరస్ లోపలికి చొరబడకముందే ఐజీఏ దాన్ని పట్టేస్తుంది. తోడుగా, ఆ పొరను వదిలిపోకుండా అక్కడే కాపురముండే జ్ఞాపక టి కణాలుంటాయి. ఈ రెండూ గట్టిగా తయారవ్వాలంటే అసలు వైరస్ గానీ, బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా గానీ ముక్కు దారిన రావాలి. ఓడను రేవు బయటే ఆపడానికీ, సరుకు దించాక గోదాముల్లో వెతకడానికీ ఉన్నంత తేడా ఇది.

అలాగని సూది ముక్కుకు బొత్తిగా అక్కరకు రాదని కాదు. పెద్దవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఫ్లూ వచ్చిపోయి, ముక్కులో పాత జ్ఞాపకం మిగిలి ఉంటుంది. అలాంటివారిలో సూది తర్వాత అక్కడి ఐజీఏ కొంత పెరుగుతుంది. ఫ్లూ ఎరగని పసిపిల్లలకు ఆ ఆసరా లేదు.

ముక్కు టీకాలు మనకు కొత్తేమీ కాదు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ 2010లో స్వైన్ ఫ్లూకు నాసోవాక్ తెచ్చింది. హైదరాబాద్ భారత్ బయోటెక్ కోవిడ్ కోసం చేసిన ఇన్‌కోవాక్ 2023 జనవరి 26న విడుదలైంది. ఒక్కో ముక్కురంధ్రంలో నాలుగేసి చుక్కలు, అంతే. ఫ్లూ ముక్కు టీకాలో మాత్రం బతికున్న వైరస్ ఉంటుంది కనుక గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి వేయరు. వాళ్లకు సూదే దిక్కు.

1957లో ఏషియన్ ఫ్లూ మన దేశంలోకి మద్రాసు రేవుకు వచ్చిన ఓడతోనే దిగింది. విశాఖ కూడా రేవు ఊరే, కాబట్టి ఆ ముప్పు మనకూ ఉంది. పైగా ఇక్కడి బొగ్గు ధూళి, పొగ ముక్కులో చీమిడిని నెట్టే సన్నని నూగును మందగింపజేస్తాయి. దీనికితోడు వైరస్ రూపు మారుతూ ఉంటుంది, సూది ఇచ్చిన యాంటీబాడీలు నెలల్లో తగ్గుతాయి. అందుకే ఏటా వేయించుకోవాలి.

ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఫ్లూ సూది లేదు, డబ్బు పెట్టక తప్పదు. అయినా ఇంట్లో అరవై దాటిన పెద్దలు, గర్భిణులు, ఆస్తమా, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లుంటే వానలు పడకముందే, ఏప్రిల్, మే నెలల్లో డాక్టరును అడిగి వేయించండి. తర్వాత రొంప పట్టినా నిరాశపడకండి. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరే ముప్పును తగ్గించడమే ఆ సూది అసలు పని.