తండ్రి ప్రేమ చేతల్లో కనబడాలి



కాన్పు వార్డులో తల్లీబిడ్డల్ని చూసుకోవడం ఆడవాళ్ళ పని అని, మందులు తెచ్చి బిల్లు కడితే తండ్రి పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కతోలిక శ్రీసభ తండ్రి గురించి అలా బోధించదు. మీరు ఏ మతం వారైనా ఈ నాలుగు మాటలు చదవండి.

పునీత జోజప్పగారి మాదిరి

పునీత జోజప్పగారు పలికిన మాట ఒక్కటి కూడా సువార్తల్లో లేదు. ఉన్నవన్నీ ఆయన చేసిన పనులే. ఆయన పేద వడ్రంగి. బాలయేసును దేవాలయంలో సమర్పించినప్పుడు ఇచ్చింది కూడా పేదల కానుకే. అయినా హేరోదు వల్ల బిడ్డకు ప్రాణభయం ఉందని కలలో తెలియగానే, తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే తల్లిని, బిడ్డను తీసుకుని ఐగుప్తుకు బయలుదేరారు (మత్తయి 2:13-14).

1870లో తొమ్మిదవ పియుస్ పాపుగారు ఆయనను విశ్వ శ్రీసభకు పాలకునిగా ప్రకటించారు. దానికి 150 ఏళ్ళు నిండిన సందర్భంగా 2020 డిసెంబరు 8న ఫ్రాన్సిస్ పాపుగారు ఒక లేఖ వ్రాశారు. బిడ్డ పుట్టినంత మాత్రాన ఎవరూ తండ్రి కారని, ఆ బిడ్డ బాధ్యతను స్వీకరించినప్పుడే తండ్రి అవుతారని అందులో బోధించారు.

తండ్రి చేయవలసిన పనులు

1. ఆడపిల్ల పుట్టిందని భార్యను నిందించవద్దు, ఎవరినీ నిందించనివ్వవద్దు. బిడ్డ ఆడా, మగా అన్నది తండ్రి బీజాన్ని బట్టే ఉంటుంది.

2. మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే పట్టించాలి. తేనె, పంచదార నీళ్ళు, పోతపాలు వద్దు. పెద్దలు పట్టించమంటే మర్యాదగా నచ్చచెప్పవలసింది మీరే.

3. బిడ్డ బరువు 2.5 కిలోల కంటే తక్కువ ఉంటే నర్సును అడిగి, బిడ్డను మీ రొమ్ముకు ఆనించి వెచ్చగా పట్టుకోవడం నేర్చుకోండి. తల్లి నిద్రపోయే వేళ తండ్రి కూడా ఇది చేయవచ్చు.

4. టీకా కార్డు మీరే భద్రపరచండి. పుట్టినప్పుడు వేసినవి కాక 6, 10, 14 వారాలకు, 9 నెలలకు మళ్ళీ వేయించాలి.

5. ఇంట్లో బీడీ, సిగరెట్టు కాల్చవద్దు. ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకు హాని. సారాకు పోసే డబ్బు బాలింత తిండికి ఖర్చు పెట్టండి.

తెల్లవారే దాకా ఆగవద్దు

పసిబిడ్డ పాలు తాగడం మానినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, రొమ్ము లోపలికి పోయేలా ఎగశ్వాస తీస్తున్నా, కదలిక తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీసుకుంటున్నా ప్రమాదమే. బాలింతకు రక్తం ఎక్కువగా పోతున్నా ఇంతే. దిష్టి తీయించి చూద్దాం, ప్రార్థన చేసి పొద్దున్న చూద్దాం అని కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. ప్రార్థన బండిలో కూడా చేసుకోవచ్చు. జోజప్పగారు దేవుణ్ణి నమ్మారు కాబట్టే ఆ రాత్రి లేచి నడిచారు.

సాయంత్రం ఇంటిల్లిపాదీ జపమాల చెప్పుకునేటప్పుడు తండ్రి కూడా కూర్చోవాలి. తాగి వచ్చి కేకలు వేసే ఇంట్లో, దేవుడు మన తండ్రి అని చెబితే బిడ్డకు ఏమి అర్థమవుతుంది? బిడ్డ మొదట చూసే తండ్రి మీరే.

డిశ్చార్జి అయ్యే ముందే రాత్రి వేళ వచ్చే బండి నంబరు వ్రాసుకోండి, కొంత డబ్బు పక్కన పెట్టుకోండి. సందేహం ఉంటే వార్డులో సిస్టరును అడగండి.

దేవుడు మీ కుటుంబాన్ని దీవించుగాక.