హానికరమైన చెత్తకు మూడవ పెట్టె

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటికి చేరువలో యానాం ఉంది. ఆ పక్కనే కోరంగి మడ అడవులు ఉన్నాయి. మన కాలువలో పడినది నదికి, నది నుంచి మడ అడవులకు చేరుతుంది. 2022 జూలై నాటి గోదావరి వరదలో ఇక్కడి లోతట్టు వీధులు నీట మునిగాయి. అటువంటి వేళ పెరటిలో, గట్టు మీద పారవేసిన వస్తువులన్నీ నీటిపాలవుతాయి. ఉపాధి కోసం యానాం వచ్చి స్థిరపడినవారు ఈ విషయాన్ని ముందుగా గ్రహించాలి.

హానికరమైన చెత్త అంటే ఏమిటి?

తడి చెత్త, పొడి చెత్తలతో పాటు గృహ హానికర చెత్తనూ విడిగా ఉంచాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నిర్దేశించాయి. పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు, గడువు తీరిన మందులు, పగిలిన పాదరసపు థర్మామీటర్లు, వాడిన బ్యాటరీలు, సూదులు, సిరంజీలు ఈ కోవకు చెందినవి. పాత సెల్‌ఫోన్లు, ఛార్జర్లు, టీవీలు, కంప్యూటర్లు ఎలక్ట్రానిక్ వ్యర్థాలు. వీటికి 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రత్యేక నియమాలు అమలులో ఉన్నాయి.

కీడు ఎలా కలుగుతుంది?

ఒక సీఎఫ్ఎల్ బల్బులో ఉండే పాదరసం కొన్ని మిల్లీగ్రాములే. అయితే నీటి అడుగున బురదలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మరింత విషపూరితంగా మారుస్తాయి. అది చేపలలో పేరుకొని మనిషిని చేరుతుంది. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధికి మూలం చేపలలో పేరుకొన్న ఇటువంటి విషపూరిత పాదరసమే. అక్కడ పాదరసాన్ని విడిచినది ఒక కర్మాగారం; ఇంటి బల్బుకు దానితో పోలిక లేదు. కాని నీరు, చేప, మనిషి అనే దారి మాత్రం ఒక్కటే. చేపల మీద ఆధారపడి ఎందరో బతికే ఊరిలో ఈ సంగతి మరువరాదు.

నీటికంటే ముందుగా కీడు తగిలేది పారిశుద్ధ్య కార్మికులకు. చెత్తలో దాగిన సూది చేతికి గుచ్చుకుంటుంది; నలిగిన ఫోన్ బ్యాటరీ చెత్తబండిలోనే అంటుకోవచ్చు.

ఇంట్లో పాటించవలసినవి

1. మూత ఉన్న ఒక పెట్టెను హానికర చెత్తకు కేటాయించి, పిల్లలకు అందని, వరదనీరు చేరని ఎత్తులో ఉంచండి.
2. సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి.
3. బ్యాటరీల కొనలకు టేపు అంటించండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కవద్దు, గుచ్చవద్దు. పొడి ఇసుకలో ఉంచండి.
4. ట్యూబ్‌లైటు పగిలితే ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, పది నిమిషాలు బయట ఉండండి. తరువాత ముక్కలను అట్టతో ఎత్తి, సీసాలో వేసి మూయండి. చీపురుతో ఊడ్చవద్దు.
5. మందులను, మిగిలిన పెయింటును, యాసిడ్‌ను కాలువలో పోయవద్దు. యాసిడ్‌ను మరి దేనితోనూ కలపవద్దు.
6. రాగి కోసం తీగలను కాల్చవద్దు. ఆ పొగ విషతుల్యం.

ఎవరికి అప్పగించాలి?

హానికర చెత్తను చెత్తబండి వారికి విషయం చెప్పి, విడిగా అందించండి. సందేహం కలిగితే మునిసిపల్ కార్యాలయంలో విచారించండి. ఇన్వర్టర్, వాహన బ్యాటరీలను కొత్తది కొన్న దుకాణంలోనే మార్పిడి చేయండి. కొట్టివేసిన చెత్తబుట్ట గుర్తు ఉన్న వస్తువును మామూలు చెత్తలో వేయరాదు. దానిని తయారీ సంస్థ సేకరణ కేంద్రానికి గాని, నమోదు పొందిన రీసైక్లింగ్ సంస్థకు గాని ఇవ్వాలి. ఫోన్ ఇచ్చే ముందు సిమ్, మెమరీ కార్డు తీసి, సమాచారాన్ని చెరిపివేయండి.

అద్దె ఇల్లు మారేటప్పుడు ఇటువంటి సామాను అటక మీద వదిలి వెళ్లడం పలుచోట్ల కనిపించే అలవాటు. తరువాత వచ్చేవారికి అందులో ఏముందో తెలియదు. ఇల్లు ఖాళీ చేసేముందే దానిని అప్పగించి వెళ్లడం మన బాధ్యత.

అభ్యాసం

1. మీ ఇంటిలోని హానికర వస్తువులను గది వారీగా జాబితా రాయండి.
2. వాటిలో వరదనీరు చేరగల ఎత్తులో ఉన్నవి ఎన్ని? నేడే పైకి మార్చండి.