అడ్వాన్సు వేరు, భత్యము వేరు

మన తెలకపల్లి ప్రాంతమునుండి వలసపోవు కూలీకి మేస్త్రీ చేతిలో పెట్టు సొమ్మును అడ్వాన్సు అందురు, ఉర్దూలో పేష్గీ. అది అప్పు. తరువాత కూలిలో కోతపడును. పాలమూరు కూలీలు దూరప్రాంతములలో ఆనకట్టలు కట్టిన నాటినుండి ఈ పద్ధతి మనకు పరిచితమే.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము, కంట్రాక్టరు పరరాష్ట్రమునకు తీసికొనిపోవు కార్మికునికి వేరొక సొమ్మును విధించినది. అదియే స్థానచలన భత్యము: నెల వేతనములో సగము లేక 75 రూపాయలు, ఏది ఎక్కువైన అది. తిరిగి ఇయ్యనక్కరలేదు, కూలిలో కోయరాదు. రానుపోను ఛార్జీలును, ప్రయాణపు రోజుల కూలియు అదనము. పుణె పోయినవానికి వర్తించి హైదరాబాదు పోయినవానికి వర్తింపకపోవుట వింతయే. ఇల్లు విడుచుట ఇద్దరికి ఒకటే గదా! ఆ చట్టము స్థానమున 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన కోడులో ప్రయాణ భత్యము నిలిచినది, స్థానచలన భత్యము లేదు.

కావున ఇక అది బేరము మీద ఆధారపడిన విషయము. దూరపు ఉద్యోగమునకు పిలుపు వచ్చిన మిత్రులు అంగీకారము తెలుపకముందే అడుగవలెను: సామాను రవాణా ఖర్చు ఎవరిది? ఇల్లు దొరకువరకు బస ఎక్కడ? ఇచ్చు సొమ్ము జీతములో కోతపడునా? ఏడాదిలోగా మానినచో తిరిగి కట్టవలెనా? ఈ చివరి ప్రశ్నను మనవారు మొగమాటముచే విడిచెదరు. జవాబులను నియామకపత్రములోనే వ్రాయించుకొమ్మని మా సూచన.