విద్యుచ్చికిత్స

విద్యుచ్ఛక్తి దీపములను వెలిగించును, యంత్రములను త్రిప్పును, ఏమరి తాకినవాని ప్రాణమును హరించును. అట్టి శక్తియే వైద్యుల చేతిలో నొప్పిని తగ్గించుటకును, బలహీనమైన కండరమును కదలించుటకును సాధనమగుచున్నది.

ఈ చికిత్సకు తొలి గురువు ఒక చేప. టార్పీడో అను సముద్రపు చేప తన దేహమునుండి విద్యుత్తును వెలువరించును. తలనొప్పి గలవాని నుదుట ఆ చేపను ఉంచవలెననియు, పాదము నొప్పి గలవాడు దానిపై కాలు మోపి నిలువవలెననియు, క్రీ.శ. మొదటి శతాబ్దమున స్క్రిబోనియస్ లార్గస్ అను రోమను వైద్యుడు వ్రాసెను. దాని కారణము ఆనాడు ఎవరికిని తెలియదు.

పిమ్మట ఎన్నియో శతాబ్దములు గడచెను. ఇటలీలోని బొలోన్యా నగరమున గాల్వానీ అను శాస్త్రజ్ఞుడు, చచ్చిన కప్ప కాలి నరమునకు విద్యుత్తు సోకగా కండరము చటుక్కున ముడుచుకొనుట చూచెను. 1791లో ఆ సంగతిని ప్రకటించెను. ఫ్రాన్సు దేశపు వైద్యుడు డుషెన్, శరీరమును కోయకయే చర్మముపైనుండి ఒక్కొక్క కండరమును వేరుగా కదలించు పద్ధతిని కనుగొని, 1855లో గ్రంథముగా వెలువరించెను.

దెబ్బ తగిలిన చోటును చేతితో రుద్దుకొనుట పసిబాలురకును తెలియును. అట్లు రుద్దినచో బాధ ఏల తగ్గును? 1965లో మెల్జాక్, వాల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దీనికొక సమాధానము చెప్పిరి. వెన్నుపాములో ఒక వాకిలి వంటి ఏర్పాటు కలదు. స్పర్శను తెలుపు నరముల వార్త అచట చేరినపుడు, నొప్పి వార్తకు ఆ వాకిలి కొంత మూతపడును. ఈ సిద్ధాంతములోని వివరములు తరువాత కొంత సవరింపబడినను, చర్మముపై అంటించిన పట్టీలగుండా స్వల్ప విద్యుత్తును పంపు చికిత్సకు ఇదియే పునాది. రోగికి చురచురలాడినట్లుండును. కొందరికి ఉపశమనము కలుగును, కొందరికి కలుగదు.

పక్షవాతము వచ్చినవారిలో కొందరికి పాదము వ్రేలాడి నేలకు తగులుచుండును. అడుగడుగునకును పడిపోవుదునను భయమే. 1961లో అమెరికాలో లిబర్సన్ అను వైద్యుడును అతని సహచరులును దీనికొక ఉపాయము ప్రకటించిరి. చెప్పు అడుగున ఒక మీట ఉండును. మడమ నేలను వీడగనే విద్యుత్తు మోకాలి దిగువ నరమును తట్టును. పాదము పైకి లేచును. రోగి ముందడుగు వేయును.

ఈ యంత్రములు కొలిచిన స్వల్ప విద్యుత్తును మాత్రమే ఇచ్చును. ఇంటి విద్యుత్తుతో ఇట్టి ప్రయోగము చేయుట ప్రాణాంతకము. గుండెలో పేస్‌మేకరు గలవారు వైద్యుని అనుమతి లేనిదే ఈ చికిత్స పొందరాదు.

చికిత్స చేయువారు రోగితో, “యంత్రము పాదమును ఎత్తునపుడు మీరును ఎత్తుటకు యత్నింపుడు” అని చెప్పుదురు. విద్యుత్తు చేయూత మాత్రమే. నడక నేర్వవలసినవాడు రోగియే.

ప్రశ్నలు
1. దెబ్బ తగిలిన చోటును రుద్దినచో నొప్పి తగ్గుటకు కారణమేమి?
2. లిబర్సన్ ఉపాయమును వివరింపుము.
3. యంత్రముతో పాటు రోగియు ఏల యత్నింపవలెను?