ఏది మార్చుకోవచ్చు, ఏది మార్చకూడదు

ఫోన్‌లో వంట వీడియో నడుస్తుంటుంది. కీరదోసకాయతో చైనా, కొరియా వాళ్లు చేసుకునే సలాడ్ అది. ఉడికించే పని లేదు, అరగంటలో పళ్లెంలోకి వచ్చేస్తుంది. చూస్తున్నవాళ్లకు చేసి చూద్దామన్న ఉత్సాహం పుడుతుంది. అంతలో కావలసిన వస్తువులు చెబుతారు. బియ్యంతో చేసిన వెనిగర్, వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె, సోయా సాస్, కొరియా మిరప పొడి. మెదక్ జిల్లాలో, రామాయంపేట నుంచి సిద్దిపేట వెళ్లే దారిలో ఉన్న నిజాంపేటలో ఒక ఇల్లాలు గానీ, డిగ్రీ చదివే పిల్లవాడు గానీ ఈ జాబితా వింటే ఏమనుకుంటారు? నూడుల్స్ బండ్లు వచ్చాక సోయా సాస్ మండల కేంద్రాల్లోనూ కనిపిస్తోంది. మిగతావాటి కోసం హైదరాబాద్ పోవాలి. "ఇది మనతోని అయ్యేది కాదు" అనుకుని వీడియో ఆపేస్తారు.

ఒక సలాడ్ చేసుకోనంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు. నష్టమంతా ఆ మాటతోనే. "మనతోని అయ్యేది కాదు" అనడం ఒకసారి అలవాటైతే అది వంటింట్లోనే ఉండిపోదు. పోటీ పరీక్ష దగ్గర, కొత్త వ్యాపారం దగ్గర, ఇంటర్వ్యూ గది ముందు కూడా అదే మాట నోటికొస్తుంది. ప్రతిచోటా కారణం ఒకటే. ఎదుటివాళ్ల దగ్గరున్న వస్తువుల జాబితా చూస్తాం. ఆ వస్తువులు అక్కడ ఏ పని చేస్తున్నాయో చూడం.

ప్రతి దినుసుకూ ఒక పని ఉంది

ఆ సలాడ్‌నే కాస్త విప్పి చూద్దాం. వెనిగర్ ఎందుకు? పులుపు కోసం. ఆ పులుపును నిమ్మకాయ ఇస్తుంది, చింతపండు రసం ఇస్తుంది. చక్కెర ఎందుకు? పులుపు నాలుకను మరీ కొరక్కుండా ఉండటానికి. ఆ పని బెల్లం పొడి హాయిగా చేస్తుంది. వేయించిన నువ్వుల నూనె ఎందుకు? సువాసన కోసం. ఆ వాసన నువ్వులను వేయించడం వల్ల పుడుతుంది. పచ్చి నువ్వుల నుంచి గానుగలో తీసిన మన నూనెకు ఆ వాసన ఉండదు కాబట్టి, గుప్పెడు నువ్వులు దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచి కలిపితే సరిపోతుంది. కొరియా మిరప పొడి రంగుకూ మోస్తరు కారానికీ వేస్తారు. మన ఎండుమిరపకాయను గింజలు దులిపి చేత్తో నలిపితే ఆ రెండూ వస్తాయి. సోయా సాస్ ఉప్పదనం ఇస్తుంది, దాంతోపాటు నోట్లో నిలిచే ఒక నిండు రుచి కూడా. ఆ రుచి అచ్చంగా అలాగే రాకపోయినా, వేయించిన పల్లీల పొడి తనదైన నిండుదనం ఇస్తుంది.

ఇలా చూశాక "దొరకవు" అన్న జాబితాలో ఏం మిగిలింది? పులుపు, తీపి, కారం, ఉప్పు, సువాసన. ఈ అయిదూ లేని వంటిల్లు నిజాంపేటలోనే కాదు, తెలుగు నేల మీద ఎక్కడా లేదు.

వస్తువు పేరు దాటి అది చేసే పనిని చూడటం ఒక గుణం. పుట్టుకతో రాదు, సాధనతో వస్తుంది. వ్యక్తిత్వంలో ఇంతకంటే పనికొచ్చే గుణాలు చాలా తక్కువని నా నమ్మకం. ఈ చూపున్న మనిషిని ఏ ఊళ్లో దింపినా, ఏ ఉద్యోగంలో పెట్టినా చేతులు ముడుచుకుని కూర్చోడు.

మన పెద్దలకు తెలిసిన విద్యే

ఇది కొత్త పాఠమేమీ కాదు. తెలంగాణ ఇళ్లలో పచ్చిపులుసు పొయ్యెక్కకుండానే తయారవుతుంది. చింతపండు రసం, ఉల్లిగడ్డ, మిరపకాయ, కొత్తిమీర, కొన్ని ఇళ్లలో కాస్త బెల్లం, నువ్వుల పొడి. పులుపూ తీపీ కారమూ నువ్వుల వాసనా పచ్చిగానే కలిసే ఆ రుచికీ, వీడియోలో చూసిన సలాడ్ రుచికీ దగ్గరి చుట్టరికం ఉంది. శ్రీరామనవమికి పానకంతో పాటు పెట్టే వడపప్పులో నానబెట్టిన పెసరపప్పుకు కీర ముక్కలు, పచ్చి కొబ్బరి, నిమ్మరసం కలుపుతారు. కన్నడిగుల కోసంబరి కూడా ఇదే. మహారాష్ట్రలో సన్నగా తరిగిన కీరకు పల్లీల పొడి కలిపి పోపు పెట్టి ఖమంగ్ కాకడీ చేస్తారు.

కీరదోస పుట్టిల్లు మన దేశమే. దాని అడవి జాతి హిమాలయాల దిగువన ఇప్పటికీ పెరుగుతోంది. ఇక్కడి నుంచి అది ప్రపంచమంతా తిరిగింది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో హాన్ చక్రవర్తి దూత ఝాంగ్ చియాన్ పడమటి దేశాల నుంచి దాన్ని తెచ్చాడని చైనాలో చెప్పుకుంటారు. చేరిన ప్రతి దేశమూ దాన్ని తన దగ్గరున్న దినుసులతో తనదిగా చేసుకుంది. చైనాలో కాయను చితక్కొట్టి ఎల్లిపాయ, వెనిగర్ కలుపుతారు. జపాన్‌లో పలుచటి బిళ్లలు కోసి బియ్యపు వెనిగర్‌లో వేస్తారు. కొరియాలో మిరప పొడి పట్టిస్తారు. థాయ్‌లాండ్‌లో తీపి వెనిగర్‌లో చిన్న ఉల్లిపాయలతో కలిపి, కాల్చిన మాంసం పక్కన పెడతారు. ఎవరూ ఇంకొకరి జాబితా కోసం ఎదురుచూడలేదు.

మనమూ అంతే. మనదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకునే మిరపకాయ అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక, పోర్చుగీసు ఓడల్లో అది ఈ దేశానికి చేరింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే ప్రధానంగా మిరియాలదే. మిరియాల పని మిరప చేయగలదని కనిపెట్టిన రైతులూ ఇల్లాళ్లూ ఏ పుస్తకంలోనూ లేరు. పల్లీదీ ఇదే కథ. దాని జన్మస్థలం దక్షిణ అమెరికా. ఆ పల్లీ మీద ప్రపంచానికి పనికొచ్చే పరిశోధన చేస్తున్న ఇక్రిశాట్ సంస్థ 1972లో వెలసింది ఉమ్మడి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరులోనే. పరాయి గింజ మన నేలలో ఇంతగా పాతుకుపోయిందంటే, ఎవరో ఒకరు మొదట "చేసి చూద్దాం" అన్నందువల్లే.

మార్చకూడని ఒక్క మెట్టు

ఇక్కడ ఆగి ఒక హెచ్చరిక చెప్పాలి. "ఏదైనా మార్చుకోవచ్చు" అని మొదలుపెట్టి అన్నీ మార్చేసేవాళ్లు కూడా మన చుట్టూ ఉన్నారు. సర్దుకుపోవడం పేరుతో అసలు పనినే వదిలేస్తారు. ఈ సలాడ్‌లో అలా వదలకూడని మెట్టు ఒకటుంది. కీర ముక్కలకు ఉప్పు పట్టించి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగడం.

కీరలో సుమారు 95 శాతం నీరే. ఉప్పు తగలగానే ముక్కల లోపలి నీరు బయటికి ఊరుతుంది. ఆ నీటిని వంపేశాక ముక్క గట్టిపడుతుంది, కొరికితే కరకరలాడుతుంది, పులుపూ కారమూ చక్కగా పట్టుకుంటుంది. ఆగే ఓపిక లేక అన్నీ ఒకేసారి కలిపేస్తే ఏమవుతుంది? ఆ నీరు ఎలాగూ ఊరుతుంది, కాకపోతే గిన్నెలోకి. మీరు జాగ్రత్తగా కలిపిన రుచులన్నీ పలచబడి, పది నిమిషాల్లో చప్పటి నీళ్లలో ముక్కలు తేలుతుంటాయి. ఎంత ఖరీదైన వెనిగర్ తెచ్చినా దాన్ని బాగుచేయలేదు. ఆ పావుగంటకు బదులు పెట్టగల దినుసు ఏ దుకాణంలోనూ లేదు.

ఆ మెట్టుకు ముందు ఒక జాగ్రత్త కూడా ఉంది, రుచి చూడటం. కీరలో ఒక్కోసారి చేదు ఉంటుంది. కుకుర్బిటాసిన్ అనే పదార్థం దానికి కారణం. మొక్క ఎండకూ నీటి ఎద్దడికీ గురైనప్పుడు అది పెరుగుతుంది, తొడిమ వైపు ఎక్కువగా చేరుతుంది. అందుకే కోసేముందు తొడిమ దగ్గరి చిన్న ముక్క నోట్లో వేసుకోవాలి. గట్టి చేదు తగిలితే ఆ కాయను మొహమాటం లేకుండా పక్కన పెట్టాలి. బెల్లం ఎక్కువ వేసి కప్పిపుచ్చాలని చూడకూడదు. మొదట్లోనే చూడాల్సిన లోపాన్ని చివర్లో తీపితో మూసేయాలనుకోవడం వంటకీ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు.

చేసే తీరు

రెండు మధ్యరకం లేత కీరలు తీసుకోండి, దాదాపు 400 గ్రాములు. కడిగి, రుచి చూసి, పీట మీద పెట్టి చపాతీ కర్రతోనో పప్పుగుత్తితోనో చిన్నగా కొట్టండి. కాయ పగుళ్లు పడితే చాలు. తర్వాత బొటనవేలంత ముక్కలుగా విరవండి. కత్తితో కోసిన నున్నటి ముక్క మీద నుంచి రసం జారిపోతుంది, పగిలిన గరుకు ముక్క దాన్ని పట్టి ఉంచుతుంది. కొట్టడం అందుకే.

ముప్పావు చెంచా ఉప్పు పట్టించి చిల్లుల గిన్నెలో వేసి పక్కన పెట్టండి. ఈలోగా రెండు చెంచాల నువ్వులు, గుప్పెడు పల్లీలు విడివిడిగా వేయించి దంచుకోండి. రెండు ఎల్లిపాయ రెబ్బలు చితక్కొట్టండి. మూడు చెంచాల నిమ్మరసం, చెంచా బెల్లం పొడి, నలిపిన ఎండుమిరపకాయ ఒకటి, ఎల్లిపాయ, చెంచా నువ్వుల నూనె కలిపి బెల్లం కరిగేదాకా తిప్పండి. ఇరవై నిమిషాలయ్యాక కీర ముక్కలను వంపి, చేత్తో మెల్లగా పిండి, ఈ రసంలో వేయండి. పైన నువ్వులు, పల్లీలు, కొత్తిమీర. రుచి చూశాకే ఇంకా ఉప్పు కావాలో వద్దో తేల్చుకోండి. సోయా సాస్ ఉంటే అర చెంచా చాలు, అప్పుడు పైన వేరే ఉప్పు వేయనే వద్దు. చేసిన వెంటనే తినాలి, నిలవకు పనికిరాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలి, ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. ఈ గిన్నెను ఇద్దరు పంచుకుంటే అందులో సగం కూరగాయలు ఒక్క పూటలో వచ్చేసినట్టే. ఒంటిని చూసుకోవడం కూడా వ్యక్తిత్వంలో భాగమే కదా!

వంటింటి గడప దాటాక

ఇప్పుడు ఇదే చూపును జీవితం మీదికి తిప్పుదాం. నిజాంపేటలో ఉండి ప్రభుత్వ ఉద్యోగ పరీక్షకు సిద్ధమవ్వాలనుకునే అమ్మాయిని తీసుకుందాం. "హైదరాబాద్‌లో కోచింగ్ లేకపోతే కాదు" అంటారు అందరూ. కోచింగ్ ఏమేం పనులు చేస్తుంది? సిలబస్‌ను వరుసలో పెడుతుంది, వారం వారం పరీక్ష పెడుతుంది, సందేహం తీరుస్తుంది, తోటి విద్యార్థుల సావాసం ఇస్తుంది. సిలబస్ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, పాత ప్రశ్నపత్రాలు పక్కన పెట్టుకుంటే వరుస దొరుకుతుంది. గడియారం ముందు పెట్టుకుని ఆ పత్రాలే రాస్తే పరీక్ష అవుతుంది. సందేహానికి ఊళ్లోని టీచర్లున్నారు, ఫోన్‌లో పాఠాలున్నాయి. సావాసానికి ఇంకో ఇద్దరు స్నేహితురాళ్లు చాలు. ఇవన్నీ మార్చుకోదగినవే. మార్చుకోలేనిది ఒకటుంది. రోజూ ఇన్ని గంటలని కదలకుండా కూర్చుని చదవడం. హైదరాబాద్ వెళ్లినవాళ్లకైనా దానికి బదులు లేదు. అది లేకుండా వేలకు వేలు ఫీజు కట్టినా చప్పటి నీళ్లే మిగులుతాయి.

ఇంటర్వ్యూకు వెళ్లే యువకుడి సంగతీ అంతే. గొప్ప గొప్ప ఇంగ్లిష్ మాటలు రావని కుంగిపోతాడు. భాష అక్కడ చేసే పని తన ఆలోచనను ఎదుటివాళ్లకు చేర్చడం. చిన్న చిన్న మాటలతో, తప్పుల్లేని పొట్టి వాక్యాలతో ఆ పని జరుగుతుంది. తాను చదివిన సబ్జెక్టు మాత్రం నిజంగా తెలిసుండాలి. అక్కడ సర్దుబాటు కుదరదు.

గల్ఫ్‌కు వెళ్లి ఒకే గదిలో నలుగురైదుగురు కలిసి వండుకునే మన అన్నదమ్ములను చూడండి. అమెరికా ఇళ్ల పెరట్లో దోస విత్తనాలు నాటుకునే తెలుగు కుటుంబాలను చూడండి. దొరికినదానితో ఇంటి రుచిని నిలబెట్టుకోవడం వాళ్లకు రోజువారీ పని. ఆ నేర్పు వంటతో ఆగదు. పరాయి చోట బెదరకుండా బతికే ధైర్యాన్ని కూడా ఇస్తుంది.

మూడు ప్రశ్నలు

మీరు చేయాలనుకుని, ఏదో ఒకటి లేదని ఆపేసిన పని తప్పకుండా ఒకటి ఉంటుంది. ఈ వారం దాన్ని బయటికి తీయండి. కాగితం మీద మూడు ప్రశ్నలు రాయండి.

నా దగ్గర లేదనుకుంటున్న ఆ వస్తువు ఈ పనిలో ఏం చేస్తుంది?

అదే పని చేయగలది నా ఇంట్లో, నా ఊళ్లో, నా మనుషుల్లో ఏముంది?

ఏ మెట్టును వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా అవుతుంది?

మొదటి రెండు ప్రశ్నలు మీ దారిలోని అడ్డంకులను తీసేస్తాయి. మూడోది మిమ్మల్ని నిజాయితీగా ఉంచుతుంది. మొదటి రెంటికే జవాబు రాసి ఊరుకునేవాళ్లు తెలివైనవాళ్లుగా పేరు తెచ్చుకుంటారేమో గానీ పని పూర్తి చేయలేరు. మూడోదాన్నే పట్టుకుని, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టేవాళ్లు అసలు మొదలే పెట్టలేరు. సాధనాల విషయంలో మెత్తగా, సాధన విషయంలో గట్టిగా ఉండగలిగిన మనిషే ముందుకు వెళతాడు.

ముందుగా సలాడ్‌తోనే మొదలుపెట్టండి. తప్పు జరిగినా పోయేది రెండు కీరకాయలే. ఒకసారి నిమ్మరసంతో, ఇంకోసారి చింతపండు రసంతో చేయండి. మూడోసారికి కొలత చూడాల్సిన అవసరం ఉండదు, దినుసుల సంగతి మీ నాలుకే చెబుతుంది. ఆ ధీమా వచ్చాక పక్కన పెట్టేసిన ఆ అసలు పనిని చేతిలోకి తీసుకోండి. దానికి కావలసినవి చాలావరకు మీ దగ్గరే ఉన్నాయి. లేనివాటికి బదులు వెతకండి. బదులు లేనిదానికి మాత్రం మీ సమయాన్ని పూర్తిగా ఇవ్వండి.