ఉన్న నిధితో ఎక్కువ మేలు: గ్రీడీ పద్ధతి

మన దగ్గర 10 వేల రూపాయలు ఉన్నాయనుకుందాం. మూడు ఊళ్లు ట్యూషన్ తరగతులు అడిగాయి. మొదటి ఊరికి 6 వేలు కావాలి, పిల్లలు 9 మంది. మిగతా రెండు ఊళ్లకు తలా 5 వేలు, పిల్లలు ఏడుగురేసి.

వెయ్యి రూపాయలకు ఎక్కువ మందికి అందే పనిని ముందుగా ఎంచుకుంటూ పోవడమే గ్రీడీ పద్ధతి. మొదటి ఊళ్లో వెయ్యికి సగటు 1.5, మిగతా చోట్ల 1.4. కనుక మొదటి ఊరికే ఇస్తాం. మిగిలిన 4 వేలతో ఇంకో తరగతి నడవదు. చదివేది 9 మందే. మిగతా రెండు ఊళ్లకు ఇచ్చి ఉంటే 14 మంది!

బియ్యంలా కొలిచి, ఎంత కావాలంటే అంత పంచగలిగే సాయానికి గ్రీడీ పద్ధతి సరైన జవాబే ఇస్తుంది. మొత్తం ఇస్తేనే నడిచే పనులకు మాత్రం విన్నపాలను కలిపి కూడా లెక్క వేసి చూద్దాం.